కాలువ గవర్నమెంటుది

మా పిన్నులు అవ్వ గురించి ఎవరికన్నా చెప్పేటప్పుడు ‘పాపం’ అనే మొదలుపెడతారు. పాపం, తల్లి లేని పిల్ల. పాపం, ఆడపిల్ల అయ్యుండి పడవ మీద పెరిగింది. పాపం, వాళ్ళ నాయన పక్కన చుక్కాని పట్టుకుని ఎండకు ఎండి, వానకు తడిసింది. అవ్వ బతికున్నప్పుడు ఈ మాటలు చెవిన పడితే మూతి తిప్పుకునేది. "దీనికేం తెల్సు, ఫ్యాను కింద పుట్టింది" అని మాకు మాత్రమే వినపడేట్టు అనేది. ఆమె లెక్కలో పడవ మీద గడిచిన ఏళ్ళే బతుకు. తర్వాత వచ్చిన పెళ్ళి, ఆరుగురు పిల్లలు, ఉప్పు మళ్ళు, అప్పులు, కోర్టులో పొలం తగాదా, ఇవన్నీ గట్టు మీద పనులు.

అవ్వంటే మా అమ్మ వాళ్ళమ్మ. వాళ్ళది నెల్లూరు జిల్లాలో ఇసకపల్లి పక్కన ఒక పాళెం. తూర్పున సముద్రం, దాని వెంబడే సరుగుడు తోటలు, ఇటు వస్తే ఉప్పు మళ్ళు, మధ్యలో బకింగ్‌హాం కాలువ. మా ఇంట్లో ఎవరూ ఆ పేరు పలికేవాళ్ళు కాదు. ఉప్పు కాలువ అనేవాళ్ళు. ఆ కాలువకి ఉత్తరాన పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువ కలుస్తుంది. అక్కణ్ణించి కృష్ణా డెల్టాలోకి దారి. దక్షిణాన అది మద్రాసు కూడా దాటి మరక్కాణం దాకా పోతుంది. మద్రాసు నుంచి ఎన్నూరు వరకు మొదటి ముక్కని 1800ల తొలి ఏళ్ళలో తవ్వి, తర్వాత కొంచెం కొంచెంగా ఉత్తరానికి పెంచుకుంటూ వచ్చారు. 1876-78లో వచ్చిన ధాత కరువులో కొంత భాగాన్ని కరువు కూలీలతో తవ్వించారు. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూకు కాబట్టి ఆయన పేరు పెట్టారు. తవ్వింది తిండి లేనివాళ్ళు, పేరు మాత్రం దొరది. ఇవన్నీ నేను పెద్దయ్యాక చదువుకున్నవి. అవ్వకి వీటిల్లో ఒక్కటీ తెలీదు. కానీ ఏ లాకు దగ్గర ఎంతసేపు ఆగాలో, ఏ రేవు దగ్గర్లో దొరువు ఉందో, ఎక్కడ గట్టు ఎత్తుగా ఉండి గాలి తగలదో అన్నీ వరసగా చెప్పేది.

దొరువు సంగతి కూడా చెప్పాలి. కాలువ నీళ్ళు నోట్లో పెట్టుకోలేం. కాకపోతే సముద్రం పక్కన ఇసుక దిబ్బల్లో కాస్త తవ్వితే మంచినీళ్ళు ఊరతాయి. వాన నీళ్ళు ఇసుకలోకి ఇంకి, అడుగునున్న ఉప్పునీళ్ళ పైన నిలబడతాయి. లోతుకి తవ్వితే ఉప్పు తగులుతుంది, అందుకే దొరువులు పైపైనే ఉంటాయి. పడవ ఆగిన చోటల్లా బిందె తీసుకుని దిబ్బ మీదికి పోవడం చిన్నప్పటి నుంచీ అవ్వ పని. పడవ వెనక తాటాకు గూడు, అందులో ఇసుక పోసిన చెక్కపెట్టె మీద పొయ్యి. వాళ్ళ నాయన సరంగు, అంటే పడవ నడిపే పెద్ద. ఆయన కింద ఇద్దరు మనుషులు. తల్లి పోయాక పిల్లని ఎవరింట్లోనో వదిలిపెట్టడం ఇష్టం లేక వెంట తీసుకుపోయాడాయన.

సరుకు ఉప్పు, వడ్లు, సరుగుడు కట్టెలు. శ్రీహరికోట అడవి కట్టెలు కూడా. 1971లో అక్కడ రాకెట్లు మొదలయ్యాయని మనకు తెలుసు. అంతకుముందు శ్రీహరికోట అంటే కట్టెలే, అవి మద్రాసు పొయ్యిల్లోకి పోయేవి. మా చిన్నప్పుడు రాకెట్టు వదిలారని పిలకాయలందరం మిద్దె ఎక్కి దక్షిణం వైపు చూస్తుంటే, అవ్వ కింద నుంచి "ఆడ మేము కట్టెలెత్తినాం రా" అని అరిచేది. అది ఆమె దేశసేవ.

ఆమెకు నోరు ఆగనిది మాత్రం గాలి సంగతి. కాలువ ఉత్తర దక్షిణాలుగా పోతుంది. మధ్యాహ్నం దాటాక గాలి సముద్రం వైపు నుంచి వస్తుంది, తెల్లారుజామున పడమర నుంచి కొండగాలి వస్తుంది. రెండూ పడవకు పక్క నుంచే తగులుతాయి. పక్కగాలి ఉంటే తెరచాపతో అటైనా పోవచ్చు, ఇటైనా పోవచ్చు. చలికాలంలో ఈశాన్యపు గాలి మద్రాసుకి తోస్తుంది, ఎండాకాలం దక్షిణపు గాలి ఇంటికి తోస్తుంది. గాలి ఎదురైనా, పడిపోయినా పడవకు తాడు కట్టి గట్టు మీద నడుస్తూ లాగాలి. మనుషులు లాగుతుంటే తను చుక్కాని పట్టుకుని కూచోవడం అవ్వకు నచ్చేది కాదట. దిగి తనూ లాగుతానంటే వాళ్ళ నాయన తిట్టేవాడట. పిన్నులు చెప్పే ‘పాపం’ ఈ తాడు లాగుడు గురించి. అది నిజంగా కష్టమే. అవ్వ దాని గురించి ఒక్క ముక్కలో చెప్పి మళ్ళీ గాలి దగ్గరికి వచ్చేసేది.

అన్నిటికంటే పులికాట్ ఎక్కువ ఇష్టం ఆమెకు. మిగతా కాలువంతా సన్నగా, రెండు వైపులా గట్లు. పులికాట్‌లో కాలువ సరస్సులోకి వచ్చేస్తుంది. చిలికా తర్వాత మన దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు అదే. అయినా లోతు చాలా చోట్ల నడుముకే. గాలికి ఎక్కడా అడ్డు లేదు. పడవ అక్కడికి రాగానే వాళ్ళ నాయన చుక్కాని ఆమె చేతిలో పెట్టి నిద్రపోయేవాడట. పదేళ్ళో పన్నెండేళ్ళో ఉంటాయి ఆమెకు. కట్టెల బరువుతో నిండుగా మునిగిన పడవ, పైన మాసికల తెరచాప, కనుచూపు మేర నీళ్ళు. "ఆపొద్దు నేనే సరంగు" అనేది. చెప్పేటప్పుడు ఆమె కుడిచెయ్యి తెలీకుండానే వెనక్కి పోయి, లేని చుక్కానిని పట్టుకునేది. ఇది నేను చాలాసార్లు చూశాను.

మద్రాసుకి ఆమె ఎన్నిసార్లు పోయిందో ఆమెకే గుర్తు లేదు. కానీ మెరీనా చూడలేదు, మౌంట్ రోడ్డు చూడలేదు. పడవలు ఆగేది బేసిన్ బ్రిడ్జి దగ్గర. అక్కడి కట్టెల అడితీలు, సంతలో ఇడ్లీలు, తమిళంలో తిట్లు, అంతవరకే ఆమె మద్రాసు. 1942 ఏప్రిల్లో జపాను వాళ్ళు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులేశారు. ఆ భయానికి మద్రాసు జనం ఊరు ఖాళీ చేసి పోతుంటే, వీళ్ళ పడవలో కూడా ఎవరో సామాన్లు వేసి పంపారట. అందులో ఒక హార్మోనియం ఉంది. ఇంటికొచ్చేదాకా అవ్వ దాన్ని ఊపిరాడకుండా వాయించిందట. గూడూరు వాళ్ళెవరో వచ్చి తీసుకుపోయినప్పుడు అందులో రెండు మెట్లు పలకడం లేదు. ఈ కథలో ఎంత నిజమో అవ్వకే తెలియాలి.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు పెళ్ళయింది. తాత ఉప్పు కొటారులో, అంటే ఉప్పు నిలవ చేసే చోట, కాటా దగ్గర పనిచేసేవాడు. మంచివాడు, నిదానస్తుడు, లెక్కలో గట్టివాడు. నీళ్ళంటే చచ్చేంత భయం. కాలువ దాటాలంటే పడవ మధ్యలో గొంతుక్కూచుని కళ్ళు మూసుకునేవాడు. ఇద్దరికీ ఎట్లా కుదిరిందో దేవుడికే తెలియాలి.

నాకు ఊహ తెలిసేసరికి 1980లు. వేసవి సెలవులకి నెల్లూరు నుంచి పాళెం పోయేవాళ్ళం. మా మావయ్యకు కాలువలో వల వేసుకోవడానికి చిన్న నాటు పడవ ఉండేది. తెడ్లతో నడిపేది. దానికి అవ్వ తెరచాప కుట్టింది. కుట్టిన గుడ్డ తాత పంచెలు. ఒకటి పాతదే, రెండోది అంత పాతది కాదు. తాత వెతుక్కుంటుంటే "సాకలోడికి పడింది" అని చెప్పింది. దబ్బనంతో, పురికొసతో, అరుగు మీద కూచుని రెండు రోజులు కుట్టింది. అంచు మడిచి లోపల తాడు పెట్టి కుట్టాలి, లేకపోతే గాలికి గుడ్డ కొస నుంచి చిరుగుతుంది. తర్వాత తుమ్మచెక్క ఉడకబెట్టిన నీళ్ళలో నానేసింది. ఆ వగరుకి గుడ్డ గట్టిపడి ఉప్పు చెమ్మకు తొందరగా చీకిపోదు. తెల్లటి పంచెలు ఇటుక రంగుకి తిరిగాయి. అవి ఆరేసిన రోజు తాతకి విషయం తెలిసింది. ఆ రోజు ఇంట్లో జరిగింది ఇక్కడ అనవసరం.

ఆ పడవలో పిలకాయలం నలుగురం. అవ్వ ముందు చీర కుచ్చిళ్ళు ఎగదోపుకునేది. తర్వాత కొంగు చెవుల మీంచి తీసేసి ముఖం మెల్లగా అటూ ఇటూ తిప్పేది. రెండు చెవుల్లోనూ గాలి హోరు ఒకే మాదిరి వినపడినప్పుడు ముక్కు ఎటుంటే గాలి అటు నుంచి వస్తున్నట్టు. మాతో కూడా కళ్ళు మూయించి చేయించేది. తప్పు చెప్పినవాడికి నీళ్ళు చిలకరింపు. ఆ తర్వాత కొయ్య నిలబెట్టి చాప ఎత్తేది. చుక్కాని బదులు ఒక తెడ్డు చంకలో ఇరికించుకునేది. చాప కింది కొసకు కట్టిన తాడుని మాత్రం చేత్తో పట్టుకునేది కాదు. కాలి బొటనవేలికీ పక్కవేలికీ మధ్య బిగించేది. చేతులకి పని ఉంటుంది కదా. గాలి పెరిగితే వేళ్ళు వదులు చేసి తాడు కాస్త జారనిచ్చేది, తగ్గితే మడమతో వెనక్కి లాక్కునేది. మాతో మాట్లాడుతూనే ఉండేది, కాలు తన పని తను చేసుకుపోయేది.

"తాడు యాడా ముడేయబాకండి" అని ఒట్టు వేయించుకునేది. కట్టేసిన తాడు ఒక్కసారిగా వచ్చిన గాలిని వదలదు, పడవని బోర్లా వేస్తుంది. పట్టుకున్న తాడైతే వదిలేస్తే చాలు, చాప రెపరెపలాడి ఊరుకుంటుంది. ఇంకొకటి చెప్పేది. ఈ పడవలకి అడుగు చదును, పక్కగాలికి పక్కకు జారిపోతాయి. అందుకని పోవాల్సిన చోటుకి గురి పెట్టకూడదు. గాలి వచ్చే వైపుకి కొంచెం ఎక్కువగా తిప్పి పట్టుకోవాలి, అప్పుడు జారి జారి సరిగ్గా రేవుకే చేరతాం. మావయ్య కొడుకు ఎంత చెప్పినా నేరుగా రేవుకే గురి పెట్టి, ప్రతిసారీ తుంగలోకి తీసుకుపోయేవాడు. వాడిప్పుడు హైదరాబాదులో కారు నడుపుతున్నాడు, పార్కింగ్ కూడా అట్లాగే చేస్తాడు.

ఇంతసేపూ తాత ఎక్కడుంటాడనుకున్నారు? గట్టు మీద. గొడుగేసుకుని, పడవతో సమానంగా నడుస్తూ. "చాలు, తిప్పు. పిలకాయలుండారు. అదుగో ఆ మలుపు కాడ లోతు" అని అరుస్తూ. గాలి బాగుంటే వెనకబడిపోయేవాడు, అప్పుడు అవ్వ వెనక్కి తిరిగి చూసి చాప కాస్త వదులు చేసేది. గాలి పడిపోతే ఆయనే ముందుకు పోయి, తుమ్మచెట్టు కింద నిలబడి మా కోసం ఎదురుచూసేవాడు. వాళ్ళిద్దరూ పక్కపక్కన కూచుని కబుర్లు చెప్పుకోవడం నాకు గుర్తు లేదు. ఇది మాత్రం బాగా గుర్తుంది.

ఊళ్ళో అందరికీ ఇది నచ్చలేదు. ఆడవాళ్ళు పడవ ఎక్కితే గంగమ్మకి కోపమొస్తుందని వేటకు పోయేవాళ్ళ నమ్మకం. ఒకసారి వాళ్ళ పల్లెకి పెద్ద, పెద్దకాపు అంటారు, రేవు దగ్గర ఆపి, "పెద్దమ్మా, ఇదేం పని, వేట పడదు" అన్నాడు. ఆయన మర్యాదగానే అన్నాడు. అవ్వ కూడా మర్యాదగానే, పడవలోంచి లేవకుండా చెప్పింది: "సముద్రం గంగమ్మది నాయనా, నేను అటు రాను. ఈ కాలువ గంగమ్మది కాదు, గవర్నమెంటుది." పెద్దకాపు నవ్వాపుకోలేక పోయాడు. తర్వాత ఆ మాట పాళెంలో సామెతైపోయింది. ఎవరి పశువులు ఎవరి దొడ్లో దూరినా "కాలువ గవర్నమెంటుది" అనేవాళ్ళు.

1989 నవంబరు తుఫాను కావలి దగ్గర తీరం దాటింది. అంటే మాకు ఉత్తరాన. ఆ రాత్రి మేము లేము, అమ్మ ఉంది. రేడియోలో చెప్పినట్టే గాలి మొదలైంది, మొదట ఉత్తరం నుంచి. ఇరవై మంది దాకా కొటారు గోదాములో చేరారు. అందరి భయమూ ఉప్పెన గురించే. 1977 దివిసీమ ఎవరూ మరిచిపోలేదు. అవ్వ మాటిమాటికీ తలుపు దగ్గరికి పోయి చెవులు తెరిచి నిలబడేదట. అర్ధరాత్రి దాటాక వచ్చి, "గాలి పడమరకు తిరిగింది, ఇంక సముద్రం మన మీదికి రాదు, పడుకోండి" అంది. ఎవరూ పడుకోలేదు. కప్పు రేకులు లేచిపోయాయి, సరుగుడు తోటలు నేలకొరిగాయి, కానీ నీళ్ళు రాలేదు. నేను తర్వాత పుస్తకంలో చూశాను. మన వైపు తుఫానులో గాలి గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరుగుతుంది. గాలికి వీపు పెట్టి నిలబడితే తుఫాను నడిబొడ్డు ఎడమ చేతి వైపు ఉంటుంది. ఉత్తరపు గాలికి వీపు పెడితే ఎడమ చెయ్యి తూర్పుకి, అంటే తుఫాను ఇంకా సముద్రంలో ఉంది. పడమటి గాలికి వీపు పెడితే ఎడమ చెయ్యి ఉత్తరానికి, అంటే అది మనకి ఉత్తరంగా దాటుతోంది. అప్పుడు గాలి నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది, నీళ్ళని సముద్రం వైపుకే తోస్తుంది. అవ్వకి ఈ సూత్రం ఎవరు చెప్పారని అడిగితే, "చెప్పేదేముంది, చెవులుండాయి గదా" అంది.

కాలువ మీద పడవలు ఎప్పుడు ఆగిపోయాయంటే ఒక రోజని చెప్పలేం. లారీలొచ్చాయి, హైవే వచ్చింది. 1960ల్లో, 1970ల్లో వచ్చిన తుఫాన్లకి గట్లు తెగి, కాలువ పూడుకుపోయింది. ముత్తాత పడవ అమ్మేశాడు. కొన్నవాడు దాన్ని విప్పి కలప చేసుకున్నాడు. చుక్కాని ఒక్కటి మా అవ్వ వాళ్ళింటికి చేరింది. పెరట్లో నిలబెట్టి దొండపాదు పాకించారు. బ్రహ్మాండంగా కాసేది. తర్వాత రొయ్యల గుంటలొచ్చాయి, కాలువ పక్క పొలాల రేట్లు మారిపోయాయి, పడవ సంగతి ఎవరికీ పట్టలేదు.

2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు సముద్రం నీళ్ళు చాలా చోట్ల కాలువలో పడి ఆగాయి. ఆ కాలువే లేకపోతే ఇంకా ఎంత లోపలికి వచ్చేవో. అప్పటికి అవ్వ మంచాన పడింది. నీళ్ళు కాలువ దాటలేదని చెబితే, "అదెట్టా దాటుతుంది" అంది. కాలువని ఎవరో అనుమానించినట్టు ఆమె గొంతులో కోపం. రెండేళ్ళ తర్వాత వేసవిలో పోయింది. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఈ కాలువలన్నిటినీ కలిపి నాలుగో జాతీయ జలమార్గం అని ప్రకటించారు. పేపర్లో చదివి మా అమ్మ ఏడ్చింది, పిన్ని మాత్రం "పాపం, అమ్మ ఉంటే..." అని మొదలుపెట్టింది.

చివరిగా ఆమె తెరచాప కింద కూచున్నది పులికాట్‌లో. సూళ్ళూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ అని మొదలుపెట్టాక, ఒక జనవరిలో నేనే తీసుకుపోయాను. అది అప్పట్లో మన నెల్లూరు జిల్లానే. 2022లో తిరుపతి జిల్లాలో కలిపారు. భీమునివారిపాళెం రేవులో ఇంజను పడవలు యాత్రికుల్ని తిప్పుతున్నాయి. అవ్వ వాటిని ఎక్కనంది. ఆ చప్పుడుకి గాలి వినపడదట. ఇరకం దీవి కుర్రాడొకడు తెరచాప పడవలో చేపలు దించి వెనక్కి పోతుంటే బతిమాలి ఒక చుట్టు తిప్పమన్నాం. దూరంగా నీళ్ళలో వేల ఫ్లెమింగోలు. నేను వాటినే చూస్తున్నాను. అవ్వ ఒక్కసారి చూసి "అవి ఎప్పుడూ ఉండేయే" అని, కళ్ళన్నీ ఆ కుర్రాడి చేతుల మీద పెట్టింది. వాడు చాప తాడుని పడవ అంచుకి చుట్టి గట్టిగా ముడేసి, బీడీ వెలిగించాడు.

ఇంక చెప్పేదేముంది. "విప్పు" అంది. వాడు నవ్వాడు. ఆమె లేచింది, ఊగే పడవలో, డెబ్బై ఏళ్ళ మనిషి. నేను తాతలాగా అరిచాను. పోయి ముడి విప్పి, తాడు కాలి వేళ్ళ మధ్య పెట్టుకుని అక్కడే కూచుంది. "చుక్కాని ఇట్టా ఇయ్యి అబ్బయ్యా" అంది. వాడు ఎందుకిచ్చాడో తెలీదు, ఇచ్చాడు. గాలి ఈశాన్యం నుంచి బాగా వీస్తోంది. పడవ కొంచెం వాలి, అడుగున నీళ్ళ చప్పుడు పెరిగింది. కుర్రాడు బీడీ పారేసి, "ఏ ఊరు అవ్వా మీది?" అని అడిగాడు. ఆమె జవాబు చెప్పలేదు, పని ఉంది. రేవుకి చేరాక వాడు డబ్బులు తీసుకోనన్నాడు, ఆమె తిట్టి మరీ ఇప్పించింది.

తిరుగు బస్సులో ఆమె సంతోషంగా ఉంటుందనుకున్నాను. సూళ్ళూరుపేట నుంచి నాయుడుపేట దాకా ఆ ముడి గురించే. గూడూరులో ఎక్కి పక్కన కూచున్న ఆవిడకి మళ్ళీ మొదటి నుంచి చెప్పింది, తాడు, ముడి, బీడీ అంతా. ఆవిడ ఓపిగ్గా విని, "ఇంతకీ ఆ అబ్బాయి మీకేమవుతాడు?" అంది.

"ఏమీ కాడు," అంది అవ్వ. "అంత మంచి గాలి పెట్టుకోని ముడేస్తాడా, ఎదవ!"